సర్పగంధయు, దూలగొండియు

మణుగూరు చుట్టుపట్ల అడవులలో తిరిగినవారికి దూలగొండి తీగను గూర్చి చెప్పనక్కర లేదు. దాని కాయమీది నూగు ఒంటికి సోకినచో ఆ పూటకు గోకుకొనుటయే పని. ఆ తీగకును, మనోవ్యాధికి వాడు మందులకును, ఆ మందులు పుచ్చుకొన్నవారి కాలుసేతులు బిగిసికొనిపోవుటకును చుట్టరికము కలదన్నచో వింతగా తోచవచ్చును. ఆ చుట్టరికము తెలిసిన యింట ఒక పెద్ద పొరపాటు తప్పును. కావున ఆ కథను నేడు ముచ్చటింతుము.

కథకు మొదలు మరియొక మొక్క. తూర్పు కనుమల అడవులలో చెట్ల నీడన పెరుగు సర్పగంధను మనవారు పాతాళగంధి యనియు పిలుతురు. దాని వేరును ఉన్మాదమునకు వాడుట మన దేశవైద్యులు తొల్లి నుండియు ఎరిగినదే. 1931లో గణనాథ సేన్, కార్తిక చంద్ర బోసు అను వైద్యులు, ఈ వేరు ఉన్మాదమును, రక్తపుపోటును అణచునని ఒక వైద్య పత్రికలో ప్రకటించిరి. 1952లో స్విట్జర్లాండునందలి సీబా సంస్థ రసాయనికులు ఆ వేరునుండి రిసర్పిన్ అను సారమును వేరుపరచిరి. ఆ యేడే పారిస్ నగరమున డిలే, డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రోమజీన్ అను కృత్రిమౌషధమును మనోవ్యాధిగ్రస్తులకిచ్చి మేలు గాంచిరి. ఏండ్ల తరబడి ఆసుపత్రి గోడల నడుమ మగ్గిన రోగులెందరికో ఇల్లు చేరు దారి ఏర్పడెను.

మేలు వెంట ఒక కీడును వచ్చెను. ఈ రెండు మందులలో దేనిని వాడినను కొందరు రోగులకు వణుకువాతమును బోలు లక్షణములు పొడసూపుటను 1954లో స్విస్ వైద్యుడు హన్స్ స్టెక్ వెల్లడించెను. ఒకటి వేరు సారము. మరియొకటి కార్ఖానా సరకు. పుట్టుక వేరైనను బిగువు మాత్రము ఒక్కటే. ఏల?

సమాధానమునకు దారి చూపినవాడు స్వీడన్ దేశపు అర్విద్ కార్ల్‌సన్. 1957లో ఆయన బృందము రిసర్పిన్ వలన చేష్టలుడిగిన కుందేళ్లకు ఎల్‌-డోపా అను పదార్థమును సూదిద్వారా ఎక్కించగా, అవి కొంతసేపటికే లేచి తిరుగాడినవి. ఎల్‌-డోపా మెదడులో డోపమిన్‌గా మారును. కదలికలు సాఫీగా సాగుటకు డోపమిన్ బండి యిరుసునకు కందెన వంటిది. రిసర్పిన్ దాని నిలువను ఖాళీ చేయును. క్లోర్‌ప్రోమజీన్ వంటి మందులు అది చేరవలసిన వాకిలిని మూయును. ఈ కృషికిగాను 2000 సంవత్సరపు నోబెల్ బహుమతిలో కార్ల్‌సనుకు భాగము దక్కెను. ఆ ఎల్‌-డోపానే ఇరువది యేండ్లు ముందుగా, 1937లో, మద్రాసున దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు దూలగొండి గింజలనుండి వేరుపరచి యుండిరి. బిగించు మందు ఒక అడవి వేరులో, సడలించు పదార్థము మరియొక అడవి తీగలో!

అట్లని దూలగొండి గింజలు నూరి రోగికి పోయుట ఎంతమాత్రము తగదు. మనోవ్యాధిలో డోపమిన్ పని మితిమీరుట యొక భాగము. ఆ గింజ కాలుసేతులను సడలించినను, అణగిన వ్యాధిని మరల రేపగలదు. అందుచేత వైద్యులు వేరు దారి పట్టిరి.

మందు మొదలిడిన కొలది దినములలో మెడ మెలిదిరుగుట, కనుగ్రుడ్లు పైకి నిలిచిపోవుట, దవడ పట్టుట సంభవింపవచ్చును. చూచుటకు భయము గొల్పినను, తగిన సూదిమందుతో తరచుగా అరగంటలోపలనే విడిపోవును. కొందరు కూర్చుండలేరు, నిలువలేరు. లోపల ఏదో తరుముచున్నట్లు పచారు చేయుదురు. దీనిని పిచ్చి ముదిరినదని భ్రమించి మోతాదు పెంచినచో బాధ హెచ్చును. తగ్గింపవలసిన చోట పెంచినట్లగును. కొన్ని వారములలో వణుకు, బిగువు, చొంగ కారుట కనిపించినచో, వైద్యుడు మోతాదు తగ్గించును, లేక మందు మార్చును, లేక ట్రైహెక్సిఫెనిడిల్ బిళ్లను జతచేయును. ఆ బిళ్లయు ఊరక మింగునది కాదు. నోరెండుట, మలబద్ధము, వృద్ధులలో మతిమరపు దాని వెంట రావచ్చును. ఏండ్లు గడచిన పిమ్మట పెదవులు, నాలుక వాటంతట అవే ఆడుట మొండి వికారము. దానికి వాడు టెట్రాబెనజీన్ జాతి మందులు, సర్పగంధ సారము వలెనే, డోపమిన్ నిలువమీదనే పనిచేయుట ఒక చిత్రము. తీవ్రమైన జ్వరముతో ఒడలు కొయ్యబారినచో క్షణమైనను జాగు చేయక ఆసుపత్రికి కొనిపోవలెను.

ఇప్పుడు పొరపాటు సంగతి. బొగ్గు గనుల కార్మికుని యింటనైనను, అడవి యంచు గూడెములోనైనను, బిడ్డ చేయి వణకినచో గాలి సోకినదందురు. అడుగు తడబడినచో సోమరితనమందురు. కొందరు మందే విషమని తలచి, వైద్యునితో చెప్పక, బిళ్లల డబ్బాను అటకమీదికి చేర్తురు. కొన్ని వారములు బిడ్డ తేలికపడినట్లే యుండును. పిదప అణగిన వ్యాధి తలయెత్తును. అప్పుడు నింద మరల రోగిమీదనే పడును.

వణుకు రోగి తప్పు కాదు. వ్యాధి ముదురుటయు కాదు. అది మందు జాడ. జాడ కనిపించినచో దానిని వైద్యునికి చూపవలెను గాని మందును దాచరాదు. ఏ దినమున ఏ బిళ్ల ఎంత యిచ్చితిమి, వణుకు ఎన్నడు మొదలైనది అను రెండు ముక్కలు కాగితముపై వ్రాసికొని పోయినచో వైద్యునికి సగము పని తీరును. ఆసుపత్రి దూరమైనవారు 2022లో ఆరంభమైన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యపై ఫోను చేసి సలహా పొందవచ్చును. కుందేళ్ల బిగువును విప్పుటకు శాస్త్రజ్ఞుడు ముందుగా దాని కారణమును వెదకెను. మన యింటి బిడ్డ విషయమున మనమును అట్లే కారణమును అడుగుదము, నిందను విడుతము.