గోడకు సున్నం ఎవరు వేయించాలె?



మన చింతకి పిల్లలు చదువుకో కొలువుకో పోతే ఇటు హైదరాబాద్, అటు బెంగళూరు. ఇల్లు ఖాళీ చేసేనాడు రెండు చోట్లా ఓనర్ చెప్పేది ఒకటే: "పెయింటింగ్ కింద ఒక నెల కిరాయి పట్టుకుంటున్న." బెంగళూరులో పది నెలల కిరాయి అడ్వాన్స్ కట్టించుకునే రివాజు చాలాకాలం నడిచింది. అంత సొమ్ము ఓనర్ చేతిలో ఉంటే, అడిగే నోరు మనది, ఇచ్చే చెయ్యి ఆయనది.

ఈ కోత చట్టంలో ఉందా? కొంచెం వెనక్కి పోదాం.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం కిరాయిదారు ఇల్లు తీసుకున్నప్పుడు ఎట్లుందో అట్లనే అప్పజెప్పాలి. కానీ మామూలు వాడకంతో వచ్చే అరుగుదల ఆయన లెక్కలోకి రాదు. అంటే రంగు వెలిసిపోతే అది అరుగుదల. తలుపు పగలగొడితే అది నష్టం. అప్పుడు బీదర్ నిజాం ఏలుబడిలో ఉండె, అది బ్రిటిష్ ఇండియా చట్టం. నేడు మాత్రం అది మనకూ వర్తిస్తుంది.

1954లో హైదరాబాద్ రాష్ట్రం ఇళ్ల కిరాయిల మీద సొంత చట్టం చేసింది. 1956 నవంబర్ 1న ఆ రాష్ట్రమే చీలింది. నారాయణఖేడ్, జహీరాబాద్ ఆంధ్రప్రదేశ్‌కు పోయినయి, మనం మైసూరులో కలిసినం. అటు 1960లో, ఇటు 1961లో వేర్వేరు కిరాయి చట్టాలు వచ్చినయి. 1960 చట్టమైతే అడ్వాన్స్ ఒక నెల కిరాయికి మించొద్దన్నది. కర్ణాటకలో 1999లో మళ్లీ కొత్త చట్టం చేసిండ్రు. కిరాయి ఒక హద్దు దాటిన ఇళ్లు ఈ చట్టాల నీడలోకి రావు. నేటి నగరం కిరాయిలు ఆ హద్దును ఎప్పుడో దాటినయి.

2021లో కేంద్రం ఒక నమూనా చట్టం తెచ్చింది. అందులో నివాస ఇంటికి డిపాజిట్ రెండు నెలలకు మించొద్దు. గోడల సున్నం, తలుపులు కిటికీల రంగు ఓనర్ బాధ్యత. నల్లాలు, స్విచ్‌లు, తాళాల రిపేరు కిరాయిదారుది. అయితే అది నమూనా మాత్రమే, రాష్ట్రం తనదిగా చేసుకుంటేనే అమలు.

మరి చిక్కెక్కడ? 108వ సెక్షన్ మొదట్లోనే ఒక షరతు ఉంది: ఒప్పందమో స్థానిక ఆచారమో వేరే తీరుగా లేకపోతేనే ఈ నియమం. కాబట్టి అగ్రిమెంట్‌లో "ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కు ఒక నెల కిరాయి" అని రాసి ఉండి, చదవకుండా సంతకం పెడితే, ఆ చట్టం మనకు అక్కరకు రాదు. కొట్లాట తాళం చెవులు తిరిగిచ్చేనాడు కాదు, తీసుకునేనాడే మొదలైతది.

అందుకే పిల్లలకు చెప్పండి. ఆ వాక్యం కనబడితే సంతకానికి ముందే కొట్టేయమని అడగాలి. దిగిన రోజే గోడలు, నల్లాలు, తలుపులు తేదీతో ఫోటోలు తీసి ఓనర్‌కు పంపాలి. అడ్వాన్స్ బ్యాంకు ద్వారానే కట్టాలి. కోత పెడితే దేనికెంతో రాతలో అడగాలి, బిల్లులు చూపమనాలి. వినకపోతే వకీలు నోటీసు, ఆపైన సివిల్ కోర్టు. దావా వేయడానికి సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటది, సాగదీయొద్దు.

నిజంగా మనం పాడుచేసినదానికి పైసలు కట్టుడే ధర్మం. ఎండకు వెలిసిన రంగుకు కట్టుడు మాత్రం కాదు.