పసిమనస్సు సాక్ష్యం

చిత్తూరు జిల్లా ఐరాల ప్రాంతంలో ఒక మాట నిజమో అబద్ధమో తేలవలసి వచ్చినప్పుడు జనం కాణిపాకం దారి పట్టడం వాడుక. వరసిద్ధి వినాయకుని ఎదుట ప్రమాణం చేస్తే ఆ మాటకు తిరుగులేదు. పెద్దల మాటకు ఇంతటి గౌరవం ఉన్నది. కాని ఘోరాన్ని కళ్లారా చూచిన పసివాని మాటకు వైద్యశాస్త్రంలోనే చాలాకాలం విలువ లేకపోయినది. ఆ విలువ ఏ విధంగా ఏర్పడినదో తల్లిదండ్రులు తెలుసుకొనడం అవసరం.

"పిల్లవాడు దడుసుకున్నాడు" అనే మాట మన పల్లెలలో తరతరాలుగా ఉన్నది. విభూతి పెట్టించడం, తాయెత్తు కట్టించడం దానికి ఉపచారాలు. నిద్రలో ఉలికిపాటు, అన్నం సయించకపోవడం, తల్లి కొంగు వదలకపోవడం మన ముసలమ్మలు ఎరిగినవే. చదువుకున్న లోకం మాత్రం "పసివాళ్లు, నాలుగు రోజులలో మరచిపోతారు" అని సరిపెట్టుకున్నది.

1914-18 నాటి మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగుల నడుమ మాట పడిపోయి, చేతులు వణికిన సైనికులను చూచి వైద్యులు మానసికాఘాతాన్ని గూర్చి ఆలోచించినారు. పిల్లల వంతు రెండవ యుద్ధంలో వచ్చినది. 1941లో లండన్ నగరంలో ఆనా ఫ్రాయిడ్, డొరోతీ బర్లింగ్‌హామ్ అనే విదుషీమణులు యుద్ధశిశువులకు ఆశ్రయగృహాలు నడిపినారు. బాంబుల మోతకంటె తల్లి ఎడబాటే పిల్లలను ఎక్కువ కలవరపెట్టినదని వారు గమనించినారు.

1976లో అమెరికాలోని చౌచిల్లాలో దుండగులు 26 మంది బడిపిల్లలను, వారి బస్సు డ్రైవరును అపహరించి, నేలలో పూడ్చిన బండిపెట్టెలో బంధించినారు. అందరూ ప్రాణాలతో బయటపడినారు. లెనోర్ టెర్ అనే వైద్యురాలు ఆ పిల్లలనే నేరుగా ప్రశ్నించి, నాలుగేళ్ల తరువాత మరల కలుసుకొన్నది. ఆ భయపు జాడ ప్రతి పిల్లలోనూ మిగిలియున్నది. జరిగినదానినే పదేపదే ఆటగా ఆడినవారున్నారు. తాము పెద్దయ్యేదాకా బ్రతుకుతామన్న నమ్మకం కోల్పోయినవారున్నారు.

1980లో అమెరికా మనోవైద్యుల సంఘం ఈ రుగ్మతకు 'పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్' అని పేరు పెట్టినది. పిల్లలలో కనబడే ప్రత్యేక లక్షణాలు 1987లో చేరినవి. ఆరేళ్లు, అంతకు తక్కువ వయసు వారికి వేరే కొలమానం 2013లో వచ్చినది.

మన సంగతి చూతాము. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినది. సుమారు పదివేలమంది మరణించినారు. అన్నవస్త్రాలతో ఆదుకొన్న చేతులు అనేకం. కాని అనాథలైన పిల్లల మనస్సుకు చికిత్స చేయాలంటే, ఆ జబ్బుకు వైద్యగ్రంథాలలో అప్పటికింకా పేరే లేదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ వేళకు పరిస్థితి మారినది. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ వారు కార్యకర్తలకు, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, బొమ్మలు, ఆటల ద్వారా పిల్లల గుండె బరువు దింపే పద్ధతులు నేర్పినారు. దివిసీమ ఉప్పెనకు సరిగా నలభైనాలుగేళ్లకు, 2021లో అదే నవంబరు 19న, కడప జిల్లాలో చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లను ఊడ్చివేసినది. వాన చప్పుడు ఆ ఊళ్ల పిల్లలకు ఎట్లా వినబడుతుందో వారినే అడిగి తెలుసుకొనవలె.

పరీక్షలోని కీలకం అదే. కోపం, చదువులో వెనుకబాటు పెద్దల కంటికి కనబడతవి. పీడకలలు పిల్లవానికే తెలుసు. అందుచేత ఇద్దరినీ విడివిడిగా అడుగుతారు. యౌవనంలో అడుగుపెట్టినవారు భయాన్ని మొండితనం మాటున దాచుకొంటారు. ఈ లక్షణాలు నెల దాటినా తగ్గకపోతే మనోవైద్యునికి చూపవలె.

చికిత్సలో మందు ముందు రాదు. పిల్లల ఈ జబ్బుకు మనోవ్యాకులత మందులు వాడరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సూచించినది. నేడు ఎక్కువగా నిరూపితమైన పద్ధతిని కోహెన్, మానరీనో, డెబ్లింగర్ అనేవారు రూపొందించినారు. ముందు శ్వాసను నెమ్మదింపజేయడం నేర్పి, తన భయానికి పేరు పెట్టుకొనడం నేర్పి, పిదప జరిగినదానిని కొద్దికొద్దిగా చెప్పిస్తారు. తల్లిదండ్రులకు కూడా విడిగా శిక్షణ ఉంటుంది. ఇదంతా సుమారు పన్నెండు మొదలు పదహారు వారాల పని. తొలిరోజే అంతా చెప్పుమని బలవంతపెట్టరాదు.

2022లో ఆరంభమైన టెలీ మానస్ సేవ 14416 సంఖ్యకు ఫోను చేస్తే తెలుగులోనే సలహా చెబుతారు. తాయెత్తు కట్టించదలచినవారు కట్టించవచ్చును. కాని పిల్లవాని మౌనాన్ని మరపు అని భ్రమించరాదు. పక్కన కూర్చుండి, తొందరపెట్టక వినే పెద్దమనిషి ఒకరు ఉన్న ఇంటిలో సగం వైద్యం మొదలైనట్లే.