యంత్రస్మృతి పుట్టుపూర్వోత్తరములు

బళ్లారి సత్యనారాయణపేటలో చదువుకొను పిల్లవాడు, అన్న వాడి విడిచిన ల్యాప్‌టాప్‌ను రిపేరు దుకాణమునకు తీసికొనిపోయినపుడు తొలుత అడుగు ప్రశ్న, దీనికి ర్యామ్, అనగా పనివేళ వాడు స్మృతి, పెంచవచ్చునా యన్నదే. వెనుకమూత విప్పగా స్లాటు కానవచ్చినచో ఆ యంత్రమునకు మరికొన్నేండ్ల ఆయువు. చిప్పులు బోర్డుకే అతికియున్నచో, కొన్ననాడు ఎంతయో కడవరకును అంతియే. ఈ చిన్న ప్రశ్న వెనుక డెబ్బదియేండ్లకు పైబడిన చరిత్ర కలదు.

గణకయంత్రములకు చిరకాలము నమ్మదగిన స్మృతి నొసగినవి ఫెరైటు ఉంగరములు. ఇనుము, మాంగనీసు, మెగ్నీషియముల ఆక్సైడులను కలిపి కాల్చి చేసిన ఆవగింజలంతేసి పూసలవి. ఆన్ వాంగ్ 1949లో ఈ మార్గమున పేటెంటునకు దరఖాస్తు చేయగా, అమెరికాలోని ఎం.ఐ.టి.యందు జే ఫారెస్టరు బృందము 1953లో వర్ల్‌విండ్ యంత్రమున వీనిని నెలకొల్పెను. బళ్లారి మద్రాసు రాష్ట్రమును వీడి మైసూరులో చేరినదియు ఆ యేడే. సండూరు కొండలలో ఇనుపఖనిజమును మాంగనీసును త్రవ్వితీయుట చిన్ననాటినుండి చూచుచున్న మన ప్రాంతమువారికి, మానవుడు యంత్రమునకు జ్ఞాపకశక్తి నిచ్చుటకు ఎన్నుకొన్న ద్రవ్యములలో ఆ రెండును ఉన్నవని తెలిసినపుడు కలుగు ఆత్మీయత వేరు.

ప్రతి ఉంగరము గుండను అడ్డముగ నొక తీగ, నిలువుగ నొక తీగ సాగును. ఒక్కొక్కదానిలో కావలసిన విద్యుత్తులో సగమే పంపుటచే, రెండును కలిసిన చోటి ఉంగరము మాత్రమే తన అయస్కాంతదిశను మార్చుకొనును. ఆ దిశయే ఒకటి గాని, సున్న గాని. చదివినంతనే వ్రాత చెరగును గనుక వెంటనే మరల వ్రాయవలసి యుండెడిది. కాని కరెంటు పోయినను వ్రాసినది నిలిచియుండుట దాని మహాగుణము. ఆ సన్నని తీగలను పూసలలో గ్రుచ్చినవారు చాలవరకు స్త్రీలు. వారి పేర్లు చరిత్రకెక్కకపోవుట నా దృష్టిలో తీరని లోపము.

బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థలో 1960లో పనికి దిగిన టిఫ్రాక్ యంత్రమునకు 2,048 పదముల ఉంగరస్మృతి యుండెను; పదమొక్కింటికి 40 బిట్లు. నేటి లెక్కలో అది పది కిలోబైట్లు. పిమ్మట, పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున 1967లో హైదరాబాదున నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్. సంస్థ టి.డి.సి.-12 కంప్యూటరును తయారుచేసినపుడు అందునను ఫెరైటు స్మృతియే యుండెను.

అప్పటికే ప్రత్యర్థి పుట్టియుండెను. ఐ.బి.ఎం.లో రాబర్ట్ డెన్నార్డ్ 1966లో ఊహించిన డీర్యామ్ పద్ధతిలో బిట్టుకొక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు చాలును. కాని కెపాసిటరులోని ఆవేశము కారిపోవుచుండును గనుక సెకనులో పలుమారులు నింపుచునే యుండవలెను, కరెంటు పోయినచో సర్వము విస్మృతమే. అయినను 1970లో 1,024 బిట్లతో ఇంటెల్ 1103 చిప్పు విపణికి వచ్చిన పిదప కొలది యేండ్లలోనే చౌకదనము గెలిచి నిలుకడ యోడెను. ఆ పోయిన నిలుకడను వేగముతో మరల కూర్పదలచి ఇంటెల్, మైక్రాన్ సంస్థలు 2015లో ప్రకటించిన త్రీడీ క్రాస్‌పాయింట్ స్మృతి సయితము గిట్టుబాటు కాలేదు. 2022లో ఇంటెల్ ఆ వ్యాపారమును ముగింప నిశ్చయించెను.

ఇక ల్యాప్‌టాపులలో నేటి పోటీ ఏ స్మృతి మేలన్నదానికంటె, అది ఎచ్చట నుండవలెనన్నదానిపై నడచుచున్నది. స్లాటులో దోపు సోడిమ్ కార్డు మార్చుకొన వీలైనది. కాని కార్డునుండి ప్రాసెసరు వరకు దారి దీర్ఘమగుటచే, మిక్కిలి తక్కువ వోల్టేజిపై మిక్కిలి వేగముగ నడచు ఎల్పీడీడీఆర్ చిప్పులకు అది పొసగదు. అందుచే వానిని బోర్డుకే అతికింపసాగిరి. 2020లో ఆపిల్ ఎం1, 2024లో ఇంటెల్ లూనార్ లేక్ వానిని ప్రాసెసరు ప్యాకేజీపైననే ఉంచినవి. బ్యాటరీ ఎక్కువసేపు వచ్చెను, యజమాని చేతి స్వాతంత్ర్యము పోయెను.

ఈ చిక్కునకు డెల్ సంస్థలో పుట్టిన క్యామ్ అను పలుచని ఫలకము విరుగుడైనది. ఇది దోపునది కాదు. స్ప్రింగు మొనలపై పరచి మరలతో బిగించునది, కావున దారియు కురుచ, విప్పుటయు సుకరము. స్మృతిచిప్పుల ప్రమాణములను నిర్ణయించు జెడెక్ సంఘము 2023 డిసెంబరులో దీనిని ప్రమాణముగ వెలువరింపగా, హైదరాబాదులోను ఇంజనీర్ల కేంద్రమున్న మైక్రాన్ 2024లో ఎల్పీడీడీఆర్ చిప్పులు కల ఎల్పీక్యామ్2 ఫలకములను తెచ్చెను. లెనోవో థింక్‌ప్యాడ్ పి1లో అవి కూర్చబడినవి. సోడిమ్ జంటకంటె చోటు సగముకన్న తక్కువ.

ధర మాత్రము అడ్డుపడుచున్నది. కృత్రిమ మేధ సర్వర్లకు కావలసిన హెచ్‌బీఎం స్మృతివైపు కర్మాగారములు మరలుటచే సామాన్యుని ర్యామ్ ప్రియమైనది. మైక్రాన్ 2025 డిసెంబరులో తన క్రూషియల్ వినియోగదారు వ్యాపారమునుండి వైదొలగుదునని ప్రకటించెను. 2025 జులైలో ప్రమాణమైన ఎల్పీడీడీఆర్6 స్మృతిని క్యామ్ రూపమునను తెచ్చు ప్రణాళికను జెడెక్ అంతకు ముందే వెల్లడించియున్నది. తయారీదారులు ఆ ఫలకమును ఖరీదైన యంత్రములకే పరిమితము చేయక, విద్యార్థులు కొనగల ల్యాప్‌టాపులలోను అమర్పవలెనని నా దృఢమైన కోరిక.