రెండో విమానం

హెమింగ్వే పేరెత్తగానే చాలామందికి గడ్డం, తుపాకీ, పెద్ద చేప గుర్తొస్తాయి. నాకు మాత్రం ఈమధ్య ఒక గతుకుల నేల గుర్తొస్తోంది. ఉగాండాలో ఆల్బర్ట్ సరస్సు ఒడ్డున ఉన్న బుటియాబా. 1954 జనవరి 24 సాయంత్రం, ఆయన్ని కాపాడి తీసుకెళ్లడానికి వచ్చిన విమానం అక్కడే, టేకాఫ్‌లోనే కూలిపోయింది.

కథ అంతకు ముందురోజు మొదలైంది. భార్య మేరీకి క్రిస్మస్ కానుకగా, ఆఫ్రికాని పైనుంచి చూపిద్దామని హెమింగ్వే ఒక చిన్న సెస్నా మాట్లాడాడు. పైలట్ రాయ్ మార్ష్. మర్చిసన్ జలపాతం దగ్గర పక్షుల్ని తప్పించబోతే విమానం పాత టెలిగ్రాఫ్ తీగకి తగిలి పొదల్లో దిగబడింది. మేరీకి పక్కటెముకలు విరిగాయి. ముగ్గురూ ఆ రాత్రి అడవిలోనే గడిపారు. పైనుంచి వెళ్తున్న ఒక ప్రయాణికుల విమానానికి శిథిలాలు కనిపించాయి గానీ మనుషులు కనిపించలేదు. ప్రపంచం ఆయన చనిపోయాడనుకుంది. మర్నాడు నదిలో వచ్చిన ఒక పడవ వాళ్లని బుటియాబా చేర్చింది.

అక్కడ రెజినాల్డ్ కార్ట్‌రైట్ అనే పైలట్, డ్రాగన్ రాపిడ్ విమానంతో సిద్ధంగా ఉన్నాడు. అది 1930ల నాటి డిజైన్: రెండంతస్తుల రెక్కలు, రెండు ఇంజన్లు, చెక్క, గుడ్డ. ఎంటెబ్బేకి వెళ్దామన్నాడు. చీకటి పడబోతోంది. రన్‌వే అంటే దున్ని వదిలేసిన చేను లాంటిది. విమానం ఎగిరెగిరి పడుతూ పరిగెత్తి, కాస్త లేచి, మళ్లీ కిందపడి అంటుకుంది.

ఇంజనీరింగ్ చదివిన బుర్ర ఇక్కడే ఆగిపోతుంది. గరుకు నేల చక్రాల్ని వెనక్కి లాగుతుంది, వేగం అందనివ్వదు. ఆ సరస్సు సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంది. ఎత్తు, వేడి కలిస్తే గాలి పలచబడుతుంది. అప్పుడు రెక్కకీ, ఇంజన్‌కీ, ప్రొపెల్లర్‌కీ మూడింటికీ బలం తగ్గుతుంది. అన్నిటికన్నా మోసం చేసేది గతుకు. చాలినంత వేగం రాకముందే అది విమానాన్ని పైకి విసిరేస్తుంది. చూసేవాడికి ఎగిరినట్టే ఉంటుంది, కానీ రెక్క ఇంకా బరువు మోయడం లేదు.

మేరీ, మార్ష్ కిటికీలోంచి బయటపడ్డారు. హెమింగ్వే ఆ కిటికీలో పట్టడు. ఇరుక్కుపోయిన తలుపుని తలతో మోది తెరిచాడు.

పత్రికలకి ఇదో పండగ. చేతిలో అరటిపళ్ల గెల, జిన్ సీసా పట్టుకుని అడవిలోంచి నవ్వుతూ వచ్చాడని రాశాయి. ఆయన కూడా తన సంతాప వార్తల్ని తనే చదువుకుని సరదాపడ్డాడు. కాలేజీలో ఇది మొదటిసారి చదివినప్పుడు నేనూ నవ్వాను. మగాడంటే ఇలా ఉండాలి అనుకున్నాను కూడా.

ఆ నవ్వు పక్కన డాక్టర్ల జాబితా పెట్టి చూడండి. పుర్రె చిట్లింది. కాలేయం, ప్లీహం, ఒక కిడ్నీ దెబ్బతిన్నాయి. వెన్నుపూస నలిగింది. ఒక కంటి చూపు, ఒక చెవి వినికిడి కొన్నాళ్లు పోయాయి. అదే ఏడాది నోబెల్ వచ్చినా స్టాక్‌హోం వెళ్లలేకపోయాడు. ప్రసంగాన్ని అమెరికా రాయబారి చదివాడు. పదేపదే తలకి తగిలిన దెబ్బలే ఆయన మెదడుని పాడుచేశాయని ఆండ్రూ ఫరా అనే సైకియాట్రిస్ట్ 2017లో ఒక పుస్తకమే రాశాడు. 1961లో జరిగిందంతా బుటియాబా వల్లేనని నేననను. ఆయన కుటుంబ చరిత్రలో, తాగుడులో, అంతకుముందు తగిలిన దెబ్బల్లో వేరే కారణాలూ ఉన్నాయి.

కానీ ఒకటి మాత్రం ఉంది. 'ఓల్డ్ మాన్ అండ్ ద సీ' వచ్చింది 1952లో. బుటియాబా తర్వాత ఆయన బతికుండగా ఇంకో నవల అచ్చు కాలేదు. రాయడం మానలేదు, కాగితాలు గుట్టలుగా పేరుకున్నాయి. ఆఫ్రికా పుస్తకం ఆయన పోయాక, 1999లో, కొడుకు కుదించి వేస్తే బయటికొచ్చింది.

ఆ సాయంత్రం ఆయన మంటల్లోంచి బయటికి నడిచొచ్చాడు కాబట్టి బతికి బయటపడ్డాడనే రాసుకున్నాం. అరటిపళ్లు గుర్తుపెట్టుకుని, తలుపుని దేంతో మోదాడో మర్చిపోయాం.