కూజా నీళ్ళు

మంట కాస్త ఎగదొయ్యండర్రా. తాటాకు వద్దు, భగ్గుమని చప్పున ఆరిపోద్ది. ఆ తుమ్మ మొద్దు పెట్టండి. మీ యువజన సంఘానికి కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళ కుర్రాడు రెండ్రోజులొచ్చి మానేశాడటగా? ఎవరూ ఏమీ అనలేదంటారా? అదేరా నేనడిగేది. ఒక్కరన్నా వాడితో ఏదో ఒకటి అన్నారా?

మా సంఘం సంగతి చెప్తా వినండి. నయా పైసలు కొత్తగా వచ్చిన రోజులు, అంటే 1957, 58 అనుకోండి. 1952 గాంధీ జయంతినాడు సమాజ వికాస పథకం మొదలెట్టారు. ఆ ఊపులో ఊరూరా గ్రామసేవకులు దిగి సంఘాలు పెట్టించారు. మాకో పెంకుటిల్లు దొరికింది. పెట్రోమాక్స్ లైటు, క్యారమ్స్ బోర్డు, వాలీబాల్ నెట్టు, ట్రంకుపెట్టెలో పుస్తకాలు, ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే పేపరు, సాయంత్రమైతే బెజవాడ స్టేషను పలికే పంచాయతీ రేడియో. నెలకి పావలా చందా.

నడిపించేది మా బడి మేష్టారు. కుర్రతనంలో ముదునూరు వెళ్ళొచ్చిన మనిషి. అక్కడ 1940లో గోరాగారు నాస్తిక కేంద్రం పెట్టి, పున్నమి రాత్రుల్లో అన్ని కులాలవాళ్ళనీ ఒకే బంతిలో కూర్చోబెట్టి తినిపించేవారు. మేష్టారు దేవుణ్ణీ వదల్లేదు, శనివారం ఒంటిపూటా మానలేదు. ఆ బంతిని మాత్రం మా ఊరు పట్టుకొచ్చారు.

మొదటిరోజే రెండు కట్టుబాట్లు చెప్పారు. గడప లోపల ఎవరినైనా ‘మీరు’ అనాలి, పేరుకి ‘గారు’ తగిలించాలి. మంచినీళ్ళకి కూజా ఒకటే, గ్లాసూ ఒకటే.

అంటరానితనం నేరమని 1955లోనే చట్టమొచ్చిందిగా తాతా అంటారు మీరు. వచ్చింది. మా ఊరి టీ కొట్టు దాకా రాలేదు. మాలపల్లి వాళ్ళ గ్లాసులు అక్కడ ఇంకా చూరులోనే ఉండేవి.

అంచేత మా కూజా పొద్దున నింపింది నింపినట్టే రాత్రికి ఉండేది. దాహమేస్తే ‘ఇప్పుడే వస్తా’ అని ఒక్కొక్కరూ ఇంటికి పోయి తాగొచ్చేవాళ్ళు. పల్లె నుంచి వచ్చినవాళ్ళూ ముట్టేవాళ్ళు కాదు. ముందు తాము తాగితే ఏం రభస అవుద్దోనని వాళ్ళ భయం వాళ్ళది. మేష్టారు ఎవర్నీ ఏమీ అనలేదు. రోజూ ఆ నీళ్ళు చెట్టుకి పోసి, మళ్ళీ నింపేవారు. ఇంతలో ఎండాకాలం వచ్చింది. రోహిణీకార్తెలో వాలీబాల్ ఆడి నోరు పిడచకట్టుకుపోతుంటే ఇంటిదాకా ఎవడు నడుస్తాడు? కూజా మీద పడ్డారు. ఎవరి తర్వాత ఎవరు తాగారో చూసుకునే ఓపిక ఎవరికీ లేకపోయింది. ధర్మం గెలిచిందని మేష్టారు సంబరపడ్డారుగానీ, నన్నడిగితే గెలిచింది దాహం. తెల్లారి ఇద్దరు చందా మానేశారు. అందులో ఒకాయన మూణ్ణెల్లకి తిరిగొచ్చాడు, రేడియో లేక పొద్దుపోక.

‘గారు’ సంగతి ఇంకా కష్టం, నోటికి పట్టిన అలవాటు కదా. రాత్రిపూట ఒకరు పేపరు పైకి చదివితే చదువురానివాళ్ళు చుట్టూ కూర్చుని వినేవాళ్ళు. గ్రంథాలయోద్యమం వాళ్ళు మన వైపు అలవాటు చేసిన మంచి పని అది. పల్లె నుంచి ఓ పెద్దాయన, యాభై దాటినవాడు, రోజూ ముందే వచ్చి దగ్గరగా కూర్చునేవాడు. ఓనాడు మోతుబరి కొడుకు, నా ఈడువాడే, లోపలికొస్తూ ఆయన్ని ‘ఏరా, జరుగు’ అన్నాడు.

గదిలో చప్పుడు లేదు. మేష్టారు పేపరు దించి, ‘దయచేయండి అబ్బాయిగారూ, ఇలా నా పక్కన కూర్చోండి. తమరు కులాసాయేనా? మంచినీళ్ళు పుచ్చుకుంటారా?’ అన్నారు. ఆ చేత్తోనే వాడికి ఎక్కాలు రాక బెత్తం దెబ్బలు వేసిన మనిషి! రాత్రి తలుపు వేసేదాకా అదే వరస. వాడి చెవులు కందగడ్డలయ్యాయి. మర్నాడు పెద్దాయనతో ‘జరగండి’ అన్నాడు. ‘గారు’ అనడానికి దసరా దాకా పట్టింది.

ఆడవాళ్ళని పిలవాలన్న ఊహ మేష్టారికీ రాలేదు. మా పెద్దమనసు అక్కడితో ఆగింది.

తర్వాత పట్నాల్లో క్లబ్బులు చూశాను. తెల్లదొరలు రానివ్వలేదన్న కసితో మనవాళ్ళు సొంత క్లబ్బులు పెట్టుకున్నారు. పెట్టుకుని, గేటు దగ్గర తామూ ఓ బంట్రోతుని నిలబెట్టారు. మేష్టారికి బదిలీ అయ్యాక మా పెంకుటింట్లోకీ పేకాట దూరింది. రమ్మీ నేర్పున్న ఆటేనని సుప్రీంకోర్టు చెప్పిందిలెండి, కాదనను. కానీ పావలా చందావాడు ఆ బల్ల దగ్గర ఏం పెట్టి కూర్చుంటాడు? మెల్లగా అలాంటివాళ్ళు రావడం మానేశారు.

ఆగండాగండి, అసలు సంగతి మర్చిపోయా. మేష్టారున్నప్పుడే పొరుగూరి సంఘంతో వాలీబాల్ పోటీ పెట్టుకున్నాం. మా కెప్టెన్ పల్లె కుర్రాడు, వాడి సర్వీసు చూడాలి మీరు! అయినా ఓడిపోయాం. ఆట అయ్యాక మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి ఉప్మా పెట్టారు. కెప్టెన్‌కి మాత్రం కింద, చెట్టు దగ్గర విస్తరేశారు. అందరికంటే ముందు విస్తరి మడిచి లేచింది ఎవరనుకున్నారు? ఆ ‘ఏరా’ అన్నవాడే. వాడు లేస్తే మేమూ లేచాం. ఖాళీ కడుపుల్తో ఆరు మైళ్ళు నడిచాం, దారిపొడవునా వాణ్ణి తిట్టుకుంటూ. కనీసం సగం తిన్నాక లేవొచ్చుగా!

మరుసటేడు వాళ్ళే కబురు పంపారు. వెళ్ళాం. అందరికీ అరుగు మీదే, ఒకటే బంతి. ఉప్మాలో ఉప్పు మాత్రం కసిగా వేశారు.