ఒంగోలు కొండ మీది ప్రార్థన

1854 జనవరి 1 తెల్లవారుజామున ఐదుగురు మనుషులు ఒంగోలు పక్కనున్న కొండెక్కారు. ఒకరు నెల్లూరులో ఉండే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఇంకొకరు ఆయన భార్య. మిగతా ముగ్గురూ తెలుగు క్రైస్తవులు: నర్సు, జూలియా, రూతు. ఈ ఊరికి ఒక బోధకుణ్ణి పంపమని ఒకరి తర్వాత ఒకరు దేవుణ్ణి వేడుకున్నారు. 1878 జూలై 3న ఒంగోలుకు పది మైళ్ల దూరంలో, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మిషన్ చరిత్రలు ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి, అడిగారు, దొరికింది అని తేల్చేస్తాయి. మొక్కు తీరిన కథలా వినడానికి బాగానే ఉంటుంది. అయితే మధ్యలో ఉన్న ఇరవై నాలుగేళ్లను దాటేస్తే ఆ ప్రార్థన చేసిన పని కనపడదు. ఆ ఏళ్లను చూస్తే, ప్రార్థన దేవుడి చేత పని చేయించుకునే ఉపాయంగా పనికొచ్చిన దాఖలాలు తక్కువ. అడిగినవాళ్లను అడిగిన చోటే నిలిపి, వాళ్లు అడగనిదాన్ని కూడా తలకెత్తుకునేలా చేసిన సందర్భాలే ఎక్కువ.

జ్యూయెట్ సంగతే చూడండి. తెలుగు మిషన్ 1840లో నెల్లూరులో కుదురుకున్నా, పదేళ్లు దాటినా చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతే. 1853లో ఆల్బనీలో జరిగిన మిషన్ సభలో దీన్ని మూసేద్దామా అన్న చర్చ వచ్చింది. 1862లో మళ్లీ అదే మాట. అప్పుడు ఆరోగ్యం చెడి అమెరికాలో ఉన్న జ్యూయెట్, మీరు పంపకపోయినా నేను వెళ్తాను, ఆ తెలుగువాళ్ల మధ్యే చస్తాను అన్నాడట. అలాగైతే నిన్ను పాతిపెట్టడానికైనా ఒక మనిషిని పంపాలి కదా అని మిషన్ కార్యదర్శి జవాబిచ్చాడని చెబుతారు. కొండ మీద అడిగిన బోధకుడు అప్పటికి ఎనిమిదేళ్లయినా రాలేదు. బేరమే అయితే జ్యూయెట్ ఎప్పుడో లేచిపోవాల్సింది. ఒక ఊరి కోసం పేరుపెట్టి ప్రార్థించినవాడికి ఆ ఊరు పరాయిది కాకుండా పోయింది.

ఆ బోధకుడు జాన్ క్లౌ. 1865లో వచ్చి, మరుసటి ఏడాది ఒంగోలులో కాపురం పెట్టాడు. ఆయన ఆశ పై కులాల మీద ఉండేది. ఊళ్లోని బ్రాహ్మణులు తమ పిల్లల్ని ఆయన బడికి పంపారు కూడా. ఇంతలో మాదిగలు రాసాగారు. వాళ్లను చేర్చుకుంటే మా పిల్లలు రారని పెద్దలు తేల్చి చెప్పారు. ఎటూ తోచక క్లౌ, ఆయన భార్య ఎవరి గదిలో వాళ్లు బైబిలు తెరిస్తే, ఒకరికొకరు తెలియకుండా ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో మొదటి అధ్యాయమే తగిలిందట. లోకం నీచమని తోసేసినవాళ్లనే దేవుడు ఎంచుకున్నాడని చెప్పే భాగం అది. ఇది కాకతాళీయమని కొట్టేయవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు. చరిత్రకు కావలసింది తర్వాతి సంగతి: పై కులాల పిల్లలు బడి మానేశారు, క్లౌ మాదిగల్నే పట్టుకున్నాడు. తన కోరికకు అడ్డొచ్చిన మాటను జవాబుగా తీసుకున్నాడు.

ఇదంతా దొరల కథే కదా, మాదిగపల్లెలో ప్రార్థన ఏమైంది అని అడగడం న్యాయం. యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం మీద ఏలూరు దాకా తిరిగిన మనిషి. 1866లో బాప్తిస్మం తీసుకోకముందే వీరమ్మ అనే గురువు దగ్గర యోగం నేర్చి, తానూ నలుగురికి నేర్పాడు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899 నాటి తన పుస్తకంలో ఇలాంటి బోధకుల పాత జీవితాల్ని రాసిపెట్టింది. అంటే ప్రార్థనను అక్కడికి ఓడలో దింపలేదు. దేవుణ్ణి లోపల వెతికే అలవాటు గూడెంలో ముందే ఉంది. కొత్తగా వచ్చింది దాన్ని నలుగురిలో, వారానికోరోజు, పని ఆపి చేయడం. చచ్చిన గొడ్డు తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు, ఆదివారం పని చేయవద్దు అని క్లౌ పెట్టిన కట్టుబాట్లలో చివరిదే ఊరికి ఎక్కువ గుచ్చుకుంది. పిలిచినప్పుడు రాని మాదిగ, జాతరకు డప్పు కొట్టనన్న మాదిగ కరణానికీ మునసబుకీ కొత్త. నీళ్లు తోడుకోనివ్వలేదు, కూలికి పిలవలేదు, కొట్టారు. అయినా ఆదివారం వదలలేదంటే ఆ గంటసేపు ఊరి పెద్దను దాటి ఇంకొకరితో నేరుగా మాట్లాడే హక్కు వాళ్లకు ఎంత విలువైనదో ఊహించవచ్చు.

గట్టి అభ్యంతరం కరువుది. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా గుత్తకు తీసుకున్నాడు. తెలుగు బోధకులే మేస్త్రీలు. తవ్వేవాళ్లు అలసి కూర్చున్నప్పుడు పక్కన కూర్చుని క్రీస్తు సంగతులు చెప్పేవారు. కాబట్టి గుండ్లకమ్మ జనమంతా గంజి కోసం వచ్చినవాళ్లేనన్నది పాత ఆరోపణ. రెండు విషయాలు దీనికి సరిపడవు. కరువు సహాయం నడిచిన పదిహేను నెలలూ అడిగినవాళ్లకు కూడా క్లౌ బాప్తిస్మం ఇవ్వలేదు. డబ్బు ఇక లేదని చెప్పాకే జనం వెల్లంపల్లికి వచ్చారు. పైగా కరువు సహాయం మొదలయ్యేనాటికే ఒంగోలు సంఘంలో మూడు వేల మందికి పైగా ఉన్నారు. గూడెపు ఆదివారాల్లో పోగైనవాళ్లు వాళ్లు. ఆ జూలై రోజున నీళ్లలో నిలబడింది కూడా ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కోసారి ఇద్దరు చొప్పున. క్లౌ ఒక్కరికీ తన చేత్తో బాప్తిస్మం ఇవ్వలేదు.

అలాగని ఆకలికి ఇందులో పాత్రే లేదనను. అన్నం పెట్టిన చేయి మీద నమ్మకం కుదరడం మనిషి నైజం, అది ఆ జనంలోనూ ఉండే ఉంటుంది. ఆ నమ్మకం కలిసిన ప్రార్థన కల్తీది అనేవాళ్లు మాత్రం, యేసు శిష్యులకు నేర్పిన ప్రార్థనలో ఆనాటి రొట్టె కోసం అడగడం కూడా ఉందన్న సంగతికి ముందు జవాబు చెప్పాలి.