శిఖరం దాకా పోని మెట్లు

సెలవు రోజు తెల్లవారకముందే మాధవధార వైపు నుంచి కొండెక్కి, కొండ వెన్ను దాటి సింహాచలం దిగే కుర్రకారును చూసి, ట్రెక్కింగ్ అనే అలవాటు విశాఖకు ఈమధ్యే వచ్చిందని చాలామంది అనుకుంటారు. పేరు కొత్తదే కానీ దారి పాతది. అయితే ఆ పాత దారి మనసు వేరు. ఇప్పటి నడక శిఖరం కోసం, పై నుంచి కనిపించే సముద్రం కోసం. పాత నడక మాత్రం శిఖరాన్ని పట్టించుకోలేదు. ఈ కొండకు దారి వేసింది నీళ్ళు. దానికి మొదటి సాక్ష్యం గుడి ఉన్న చోటే. సముద్రమట్టానికి సుమారు 800 అడుగుల ఎత్తున, కొండ ఒడిలో గిన్నెలాంటి పల్లంలో వరాహ నరసింహస్వామి ఆలయం ఉంది. దానికన్నా ఎత్తైన కొమ్ములు చుట్టూ ఉన్నాయి. గుడిని అందరికీ కనిపించేలా నిలబెట్టడమే ఉద్దేశమైతే ఆ కొమ్ముల్లో ఏదో ఒకటి ఎంచుకునేవారు. అడివివరం దగ్గర తొలి పావంచా నుంచి లేచే వెయ్యికి పైచిలుకు మెట్లు కూడా కొండ వెన్ను మీదుగా కాక, ఊటనీరు పారే ఇరుకు లోయలోంచి ఎక్కుతాయి. పావంచా అంటే మెట్టు. భక్తులు కొబ్బరికాయ కొట్టేది శిఖరానికి కాదు, ఆ మొదటి మెట్టుకు.

రెండో సాక్ష్యం ఊళ్ళ పేర్లలో దొరుకుతుంది. నాకు శాసనాలకన్నా ఇదే బలంగా తోస్తుంది, ఎందుకంటే శాసనం చెక్కించేది రాజు, పేరు పెట్టేది అక్కడ బతికేవాడు. కొండమీద గంగధార, ఆకాశధార, చక్రధార. అవతలి వాలు కింద మాధవస్వామి గుడి, దాని పక్కనే మాధవధార. ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు తొలి పావంచా దగ్గర మొదలై కొండ చుట్టూ 32 కిలోమీటర్లు సాగే గిరి ప్రదక్షిణ దారి చూడండి: ముడసర్లోవ, హనుమంతవాక, జోడుగుళ్ళపాలెంలో సముద్రస్నానం, సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నం. వాక అంటే ఏరు. లోవ అంటే కొండల నడుమ పల్లం, అంటే వాన నీరు చేరే చోటు. అందుకే ముడసర్లోవలో జలాశయం కట్టి ఊరికి నీళ్ళిచ్చారు. నేడు బస్‌స్టాపుల పేర్లుగా మిగిలిన ఈ మాటలను వరసగా చదివితే కొండ నలుదిక్కులా దిగిన నీటి పటం తయారవుతుంది. తూర్పు కనుమల ఖోండలైట్ రాయి వాతావరణానికి మెత్తబడి పగుళ్ళిచ్చి వాననీటిని దాచుకుంటుంది, తరవాత నెమ్మదిగా వదులుతుంది. సింహాచలం అనాస, పనస, సంపెంగలకు ఇంత పేరు రావడానికీ ఆ తడే కారణం.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. జనం ఎక్కింది దేవుడి కోసం కదా, నీటి కోసమైతే కింద చెరువులు లేవా? నిజమే, దాహం తీర్చుకోవడానికి ఎవరూ వెయ్యి మెట్లెక్కరు. కానీ దేవుడు ఎక్కడ నిలవాలన్నది భక్తి ఒక్కటే తేల్చే సంగతి కాదు. నిత్యం అభిషేకం, వంట, యాత్రికుల స్నానం జరగాల్సిన చోట ఏడాది పొడుగునా నీరు ఉండి తీరాలి. ఇక్కడ దొరికిన శాసనాల్లో పాతవి కులోత్తుంగ చోళుడి కాలానివి, 11వ శతాబ్దం చివరివి. 13వ శతాబ్దంలో తూర్పు గంగరాజు మొదటి నరసింహదేవుడి పేరిట గుడిని తిరిగి కట్టారు. కోణార్క్ కట్టించినవాడూ ఆయనే. 1516లో కళింగ దండయాత్రలో శ్రీకృష్ణదేవరాయలు వచ్చి కానుకలిచ్చారు, 1519లో మళ్ళీ వచ్చారు. అంత రాళ్ళపని, అంత పరివారం, అన్ని వందల ఏళ్ళ యాత్ర పొడి కొమ్ము మీద సాగేవి కావు. శత్రువుకు కనబడకుండా పల్లంలో దాచారనే వాదనా ఉంది. కొట్టిపారెయ్యలేం. కాకపోతే దాచడానికి ఈ వరసలో పల్లాలకు కరువు లేదు, గంగధార ఉన్న పల్లం ఒక్కటే.

శిఖరమే గమ్యం అనుకోవడం ప్రపంచంలోనూ మరీ పాతదేం కాదు. మోంట్ బ్లాంక్ నీడలో తరతరాలుగా పశువులు మేపుకున్నవాళ్ళున్నా, దాని కొన మీద మనిషి తొలిసారి నిలబడింది 1786లో. విశాఖలో కొండకొన అవసరం పడింది ఓడలవాళ్ళకే. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద దీపస్తంభం అందుకే వెలిసింది. నేలమీదివాళ్ళ కొండ వేరు. కాబట్టి మాధవధార దారిలో సెల్ఫీ కోసం కొమ్మెక్కేవారిని తప్పుపట్టనక్కర్లేదు, ఎవరి కొండ వారిది. కానీ దిగేటప్పుడు ధార దగ్గర ప్లాస్టిక్ సీసా పారేసి పోతే మాత్రం ఆ దారికి మూలమైనదాన్నే తొక్కినట్టు. అక్షయ తృతీయనాడు చందనం ఒలిచి నిజరూప దర్శనం అయ్యాక స్వామికి చేసే సహస్ర ఘటాభిషేకానికి నీళ్ళు ఇప్పటికీ గంగధార నుంచే తెస్తారు.